లచ్చవ్వ విప్పిన తాడు

చిదంబరయ్యగారిని ప్రశ్న అడిగినవారికి వెంటనే జవాబు దొరికేది కాదు. ఆయన చేతిలో ఉన్న పని పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, అప్పుడు మాట్లాడేవారు. వెంకోబ అనే శిష్యుడు తన తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఏడాదిలో ఆయన్ని అడిగాడు: "మమకారాన్ని వదిలేస్తే దుఃఖం పోతుందని చదువుతున్నాం. నిజమేనా గురువుగారూ?"

గురువుగారు చిక్కుడుకాయల ఈనెలు తీయడం ముగించి ఇలా చెప్పారు.

"నేను ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో ఒక ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం దాకా మెదక్ వైపు సాయన్న అనే కురుమ ఇంట్లో ఉన్నాను. అతనికీ భార్య లచ్చవ్వకూ నలభై నల్ల గొర్రెలు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించి గొంగళ్లు నేసేవాళ్లకు ఇచ్చేవారు. మందకంతటికీ విత్తనపు పొట్టేలు ఒక్కటే. దాని పేరు కాటుక. అది పుట్టగానే తల్లి చనిపోతే, వాళ్ల ఒక్కగానొక్క కూతురు గంగామణి సీసాతో పాలు పట్టి పెంచింది. పేరూ ఆ పిల్లే పెట్టింది. నేను వెళ్లేనాటికి గంగామణి లేదు. ఆ ఎండాకాలమే జ్వరంతో పోయింది. పన్నెండేళ్లు.

"వాళ్లింట ఒక కట్టుబాటు ఉంది. మందలోకి వదిలి రెండేళ్లు నిండగానే పొట్టేలును వేరే మందకిచ్చి, అక్కడి పొట్టేలును తెచ్చుకుంటారు. అప్పటికి దాని కూతుళ్లు ఈడుకొస్తాయి మరి, వాటిని తండ్రితోనే కలవనివ్వకూడదు. కాటుకకూ ఆ రెండేళ్లు నిండాయి. సాయన్న ఆ మాట ఎత్తినప్పుడల్లా లచ్చవ్వ లేచి వెళ్లిపోయేది. చివరికి అతను దాన్ని గుంజకు కట్టేశాడు.

"రెండు రోజులు అది ఆగకుండా అరిచింది. తాడుకు మెడ ఒరుసుకుపోయింది. మూడో రోజు సాయన్న సంతకు వెళ్లాడు. 'నా బిడ్డ చేతిల పాలు తాగిందయ్యా ఇది. దీన్ని ఇట్ల ఏడిపిచ్చుకుంట ఎట్ల చూడాలె?' అని లచ్చవ్వ నన్ను అడిగింది. విప్పమనే అన్నాను. విప్పింది. సాయంత్రం సాయన్న వచ్చి, మందలో కాటుకను చూసి ఒక్క మాట అన్నాడు. 'ఇగ అయిపోయింది.' మళ్లీ దాన్ని కట్టేయలేదు.

"ఐదు నెలలకు ఈతలు మొదలయ్యాయి. కాటుక కూతుళ్లకు తొమ్మిది పిల్లలు పుట్టాయి. అందులో ఆరింటికి కింది దవడ పొట్టి. తల్లి పొదుగు దగ్గరికి పోయేవి, చనుమొన నోట్లో నిలవక జారిపోయేది. మళ్లీ పోయేవి. లచ్చవ్వ సీసా తీసింది. ఒక్కొక్కదాన్నీ ఒళ్లో వేసుకుని, ఆ మూతి రెండు వేళ్లతో దగ్గరికి పట్టి, బొట్టు బొట్టుగా తాగించింది. నాలుగు రోజుల్లో నాలుగు పోయాయి. ఐదోది ఆమె ఒళ్లోనే పోయింది. పాలు ఇంకా దాని నోట్లోనే ఉన్నాయి.

"ఆరోదాన్ని భర్త చేతికిచ్చి ఆమె లేచింది. కాటుక మెడకు తాడు కట్టింది. 'నేనే తోలుకపోత. నువ్వు రాకు,' అంది. సాయన్న నావైపు చూశాడు. నేను ఆమె వెంట నడిచాను.

"ఆమె అన్న కొమురయ్య మంద అక్కడికి రెండు కోసుల దూరం. వాగు దగ్గర కాటుక మొరాయించింది. ఆమె కొట్టలేదు, గుంజలేదు. అది కదిలేదాకా తనూ ఆ చన్నీళ్లలో నిలబడింది. కొమురయ్య పొట్టేలు నడుము తడిమి చూసి నవ్వాడు. 'ఏందే చెల్లె, అల్లుణ్ణి సాకినట్టు సాకినవ్!' అన్నాడు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు.

"లచ్చవ్వ తాడు అతని చేతిలో పెట్టింది. 'పేరు పెట్టి పిలువకుంటే దొడ్లకు రాదన్నా. కాటుకా అని పిలువు.'

"'ఒక్కపారి నువ్వు పిలిచి చూపియ్యరాదే?'

"'నేను పిలిస్తే నా ఎంటనే వస్తది,' అందామె.

"కొమురయ్య ఇచ్చిన పొట్టేలును తోలుకుని, పొద్దుగుంకకముందే ఇల్లు చేరాం. ఆరోదాన్ని సాయన్న అప్పటికే పూడ్చిపెట్టాడు.

"మరుసటి ఏడాది ఈతల కాలంలో మళ్లీ ఆ ఊరు వెళ్లాను. విప్పమన్నవాణ్ణి కదా, వెళ్లకుండా ఉండలేకపోయాను. ఈసారి పుట్టిన ప్రతి పిల్లా తడి ఆరకముందే లేచి పొదుగు పట్టుకుంది."

గురువుగారు అక్కడితో ఆపి, చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపారు. వెంకోబ అడిగాడు:

"మరి ఆ తల్లి దుఃఖం తీరిందా?"

"తీరిందని నేను అన్నానా?" అన్నారు గురువుగారు. "పిల్లలు పాలు తాగుతుంటే, ఆమె దొడ్డి వాకిట్లో నిలబడి ఏడుస్తోంది. నేను చూసింది అంతవరకే."