తాబేలు పిల్లకు చోటు

నారపస్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆ పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు రమ్మనేవారు. ఎర్రగుట్ట మీది ఆ చిన్న ఆశ్రమంలో నేనూ రెండేళ్ళు ఉన్నాను. అందుకే నాతోపాటు అక్కడే శిష్యుడిగా ఉన్న ఓబులేసు సంగతి కళ్ళారా చూసిందే చెబుతున్నాను.

ఓబులేసుకు మేనమామ కూతురు రామతులసి అంటే ప్రాణం. ఆ పిల్ల కడపలో నర్సు చదువుకు చేరింది. మూడేళ్ళ చదువు. పోతూ పోతూ "మూడేళ్ళు ఎంతలో అయిపోతాయి బావా" అని నవ్విందట. ఆ నవ్వు గురించి అతను మాకు ఎన్నిసార్లు చెప్పాడో! అతనికి మూడు రోజులే గడవడం లేదు. మా సీమలో మేనబావ మాటకు ఎంత బలముందో మీకు తెలియంది కాదు. శ్రావణంలో మామ ఆశ్రమానికి వచ్చి, అతని ఏడుపు చూడలేక, "చదువు మానిపించమంటే మానిపిస్తా అల్లుడూ. నీ మాటే మాట. కార్తీకంలో మళ్ళా వస్తా, అప్పుడు చెప్పు" అని వెళ్ళాడు.

ఆ సాయంత్రమే ఓబులేసు గురువుగారి ముందు కూర్చున్నాడు. "సామీ, ప్రాణమనుకున్నదాన్ని కళ్ళ ముందర పెట్టుకోవడం తప్పా?"

గురువుగారు లోపలికి వెళ్ళి, పొద్దున వేరుశనగ చేలో దొరికిన తాబేలు పిల్లను తెచ్చి అతని అరచేతిలో పెట్టారు. నిమ్మకాయంత ఉంది. నల్లని డిప్ప మీద పసుపు గీతలు చుక్కలు పొడిచినట్టు విచ్చుకుని ఉన్నాయి. కాకి పొడిచిందేమో, వెనక కాలు వాచింది.

"దీన్ని సాకు. ఎట్ల సాకాలో నీ ఇష్టం" అన్నారు.

ఓబులేసు దాన్ని గదికి తీసుకెళ్ళి ముందు నీళ్ళ బేసిన్లో వేశాడు. వంట చూసే సుబ్బవ్వ పరుగెత్తుకొచ్చి తీసింది. "ఒరే, ఇది మెట్ట తాబేలురా, మునిగి చస్తాది!" అప్పుడు పాత పంచె మెత్తగా మడిచి పక్క వేశాడు. ముంగిస వస్తుందని కిటికీ మూశాడు. లేత ఆకులు తన చేత్తోనే తినిపించేవాడు. "ఏమిరా, తలుపేసుకోని కూతురికి జోల పాడతాండావా?" అని అవ్వ ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. ఒకసారి తొంగి చూస్తే, నేలకు చెంప ఆనించి, ఆవగింజలంత దాని కళ్ళలోకి చూస్తూ ఏదో మాట్లాడుతున్నాడు. చెప్పకూడదు గానీ, నాకు అసూయ వేసింది.

కాలు మానింది. అప్పటినుంచి అది నడవడం మొదలుపెట్టింది, గోడ వెంబడే. మూల వస్తే ఆగి, గోడను గీరి, మళ్ళీ గోడ వెంబడే. పగలంతా ఆ గీరే చప్పుడే. ఓబులేసు దాన్ని ఆట అనుకుని మురిసిపోయాడు. భాద్రపదం వచ్చేసరికి అది తినడం మానేసింది. ఎత్తి చూస్తే డిప్ప నానిన తోలులా బొటనవేలి కింద లోపలికి నొక్కుకుపోయింది. ఏడుస్తూ గురువుగారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఏం తక్కువ చేసినా సామీ? నేను తినకముందు దానికే పెట్టినా."

ఆయన దాన్ని తిప్పి చూసి, "ఇది ఎండ మొగం చూసి ఎన్నాళ్ళయింది?" అని మాత్రం అడిగారు.

మరునాడు మేమంతా కలిసి పెరట్లో చిన్న దొడ్డి కట్టాం. తవ్వుకుని పోకుండా రాళ్ళు జానెడు లోతు పాతాం. సగం ఎండ, సగం సీతాఫలం చెట్టు నీడ. కాకుల భయానికి పైన తుమ్మకంప. దూరి దాక్కోవడానికి ఒక బండ వాల్చి కింద ఇసుక పోశాం. మొదట్లో పగలు బయట, పొద్దు గూకితే గదిలో. డిప్ప గట్టిపడే కొద్దీ దాని కాపురం బయటికే మారింది.

అయితే అక్కడ అది కనపడేది కాదు. బండ కింద దూరిందంటే ఒక్కోసారి రెండు రోజులు పత్తా ఉండేది కాదు. ఓబులేసు దొడ్డి పక్కనే గొంతుక్కూర్చుని చూస్తుండేవాడు. ఒకనాడు ఉండబట్టలేక బండ ఎత్తబోయాడు. చెయ్యి బండ మీద ఆనింది. ఆగింది. ఎంతోసేపు అలాగే ఉండి, మెల్లగా వెనక్కి వచ్చింది. అతన్ని ఎవరూ వద్దనలేదు. ఎదురుచూడడమంటే ఏమిటో నాకు ఆ చేతిని చూశాకే తెలిసింది.

కార్తీకంలో మామ వచ్చాడు. "ఏమప్పా అల్లుడూ, రేపు బస్సెక్కి పిల్లను తోలుకొచ్చేదా?"

ఓబులేసు పెరట్లో దొడ్డి వైపు చూశాడు. "వద్దు మామా. చదువుకోనీ."

"మొన్న ఏడిస్తివి కదరా!"

"ఇప్పుడూ ఏడుస్తాండా. అయినా చదువుకోనీ."

మామ గుట్ట దిగి పోయేదాకా నిలబడి చూశాడు. తర్వాత వాకిట్లో బండ మీద వేరుశనక్కాయలు ఆరబోస్తున్న గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"సామీ, ఈ మూడేళ్ళలో ఆ పిల్ల నన్ను మరిచిపోతే?"

ఆయన తలెత్తలేదు. కాయలను చేత్తో పలచగా నెరుపుతూ అన్నారు: "ఈడ ఎండ బాగానే ఉంది నాయనా. కడపలో ఇంకా బాగా కాస్తాది."