గట్టురాయి మీద గునపం

తీతుకు మాట బాగా వచ్చు. ఆ రావడమే అతని కొంప ముంచింది.

బైబిలు పాఠశాలలో మూడేళ్ళు చదివి, జకర్యా అయ్యగారి దగ్గర సంఘం పని నేర్చుకుందామని ఆ పలకల గనుల ఊరికి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. పిల్లలు అఆలు దిద్దే పలకలు ఆ కొండ రాతిలోంచే వస్తాయి. రాయి కోసేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి ఆ దుమ్మంతా పోతుంది. యాభై దాటిన మగవాళ్ళను ఆ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని పాస్టర్లకు అక్కడ పెళ్ళిళ్ళ కంటే చావులెక్కువ. తీతును అక్కడ చిన్నయ్యగారనేవాళ్ళు. చిన్నయ్యగారు నోరు తెరిస్తే శవం మీద పడి ఏడ్చేవాళ్ళు కూడా ఊరుకుంటారని జనం చెప్పుకునేవాళ్ళు. ఆ మాట తీతు చెవిన పడింది. పడ్డాక మనిషి ఊరుకుంటాడా? నడకే మారిపోయింది.

ఆ మంగళవారం హోషేయ ఇంటికి వెళ్ళాడు. హోషేయకు నలభై ఎనిమిదేళ్ళు, ముప్పై ఏళ్ళు గనిలో చేశాడు. ఆర్నెల్లుగా మంచంలోనే ఉన్నాడు. గడపలోనే ఆయన భార్య రాహేలమ్మ తీతు చేతులు పట్టేసుకుంది.

“వారం గడవదన్నాడయ్యా డాక్టరు. ఆయనకు మాత్రం చెప్పబోకండి. మీకు పుణ్యముంటుంది.”

లోపలికెళ్తే హోషేయ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయాసం ఉంది గానీ మాట బాగానే ఉంది. ఓ గంటసేపు అవీ ఇవీ చెప్పాడు. చివరికి అసలు సంగతికొచ్చాడు.

“చిన్నయ్యగారూ, దాచకుండా చెప్పండి. నాకింకా ఎన్నాళ్ళుంది? నా తమ్ముడు జక్కయ్య సంగతొకటి సంఘం ముందు చెప్పాలి. ఈస్టరు దాకా ఉంటానంటే ఆరోజు గుడిలో ప్రభువు బల్ల దగ్గర నిలబడి చెబుతా. ఉండనంటే ఇప్పుడే వాణ్ణి పిలిపించండి.”

ఈస్టరుకు ఇంకా మూడు వారాలుంది.

జక్కయ్య సంగతి ఊరందరికీ తెలిసిందే. గనిలో రాయి పేల్చే మందుకు నిప్పంటించేవాడు ముందు మూడు కేకలు వెయ్యాలి. కేకలు విని జనం పక్కకు తప్పుకుంటారు. పన్నెండేళ్ళ కిందట ఒకరోజు కేక లేకుండానే మందు పేలింది. సంసోను అనే కుర్రాడు ముక్కలైపోయాడు. ఆ పూట మందు దగ్గరున్నది అన్నదమ్ములిద్దరే. నిప్పంటించింది జక్కయ్యేనని సొంత అన్న హోషేయే గుడిలో సాక్ష్యం చెప్పాడు. నేను కాదు మొర్రో అని జక్కయ్య మొత్తుకున్నా విన్నవాడు లేడు. సంఘం వెలేసింది. పెళ్ళాం బిడ్డలను తీసుకుని అత్తగారి ఊరు వెళ్ళిపోయాడు. ఆ పాత గొడవ ఇప్పుడెందుకు, చచ్చేముందు ఈ మనిషికి మనశ్శాంతి లేకుండా అనుకున్నాడు తీతు.

“ఈస్టరేంటన్నా! క్రిస్మస్ పాటలు కూడా మీరే పాడిస్తారు. జక్కయ్య సంగతి నిదానంగా చూసుకుందాం. మీరు కడుపుకింత తినండి ముందు.”

హోషేయ మొహం తేటపడింది. గిన్నెడు గంజి తాగాడు. రాహేలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తీతుకు దణ్ణం పెట్టింది. దారి పొడవునా పాట పాడుకుంటూ వచ్చాడు మన తీతు.

జకర్యా అయ్యగారు అప్పుడు ఊళ్ళో లేరు. కొండ వెనక పల్లెల్లో ప్రార్థనలు చూసుకుని బుధవారం సాయంత్రం తిరిగొచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆయన మాట ఎప్పుడూ పొదుపే. ఆయన చెప్పులు విప్పకముందే తీతు మొదలెట్టాడు.

“గంజి తాగాడండీ! నాలుగు రోజుల తర్వాత!”

“ఏమడిగాడు?”

తీతు పూసగుచ్చినట్టు చెప్పాడు. తన జవాబు కూడా కాస్త ఇష్టంగానే చెప్పుకున్నాడు.

“ఈస్టరు దాకా ఉంటాడని నీతో ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదండీ. చావబోయేవాడితో చస్తావని ఎట్లా అంటాం? కాస్త లోకజ్ఞానం కూడా ఉండాలి కదండీ.”

“ఉందిలే. నీకు నిండా ఉంది.”

పెద్దాయన మళ్ళీ చెప్పులేసుకుని హోషేయ ఇంటికి నడిచాడు. రాహేలమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. “ఇప్పుడే కన్నంటుకుంది పెద్దయ్యగారూ. చిన్నయ్యగారు చెప్పిన మంచిమాటతో ప్రాణం నిమ్మళించింది. మీరు లోపలికెళ్ళి దాన్ని చెడగొట్టొద్దు” అంది. ఆమెను తోసుకుని వెళ్ళే మనిషి కాదాయన. తిరిగొచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నాడు.

గురువారం తెల్లారేసరికి తీతును తట్టి లేపాడు. చేతిలో గునపం ఉంది.

“పద.”

ఊరి చివర ఎత్తు మీద సమాధుల తోట. అక్కడ జానెడు మన్ను కింద అంతా గట్టురాయే, గనిలోని పలకరాయి కాదు. గొయ్యి దిగాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. ఆ గునపం దెబ్బ ప్రతి ఇంటికీ వినపడుతుంది. అందుకే ఊళ్ళో ఒక కట్టుబాటుంది. ప్రాణం పోయేదాకా ఎవరూ అక్కడ గునపం వెయ్యరు. ఎండాకాలం శవం రెండు రోజులు ఇంట్లో ఉన్నా సరే, వెయ్యరు.

పెద్దాయన ఆరడుగుల పొడవున కాలితో గీత గీశాడు. గునపం తీతు చేతికిచ్చాడు.

“తవ్వు.”

“ఎవరికండీ? ఊళ్ళో ఎవరూ పోలేదే!”

పెద్దాయన వేలితో గీత చూపించాడు.

“అయ్యగారూ, ఆయన వింటాడండీ. గునపం దెబ్బ విని ఏ రాయో చెప్పగల మనిషాయన. ఇంకెవరూ మంచంలో లేరని ఆయనకు తెలుసు. గుండాగి చచ్చిపోతాడు. ఇది పాపమండీ!”

“నోటితో చెప్పలేకపోయావు గదా. చేత్తో చెప్పు.”

తీతు కదల్లేదు. పెద్దాయన గునపం తీసుకుని తనే ఎత్తి వేశాడు. రాయి ఖంగుమంది. రెండో దెబ్బకే ఆయనకు దగ్గొచ్చి వంగిపోయాడు. మూడోది ఎత్తబోతుంటే తీతు ఏడుస్తూ గునపం లాక్కున్నాడు. వేశాడు. మళ్ళీ వేశాడు. ఒక్కో దెబ్బా తన వీపు మీదే పడ్డట్టుంది అతనికి.

పావుగంటకు రాహేలమ్మ జుట్టు విరబోసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది.

“ప్రాణమున్న మనిషికి గొయ్యి తీస్తారా! మీ చేతులు పడిపోను! మీరు దేవుడి మనుషులా, కాటికాపర్లా?”

మన్ను తీసి ఇద్దరి మీదా పోసింది. ఇద్దరూ పోయించుకున్నారు. అలిసిపోయి కూలబడ్డాక చెప్పింది.

“లేచి కూర్చున్నాడు. ఈ చప్పుడు గట్టురాయిది కదే అన్నాడు. నేను నోరెత్తలా. జక్కయ్యను పిలవమంటున్నాడు. ఇవాళే రావాలంట.”

తీతు మోటారుసైకిలేసుకుని బయల్దేరాడు. ఇరవై మైళ్ళు. జక్కయ్య మేకలకు ఆకు కొడుతున్నాడు. విషయం విని చేతిలో కత్తి కిందపెట్టకుండానే అన్నాడు: “నాకు అన్న లేడు. పన్నెండేళ్ళయింది పోయి.” తీతు బతిమాలాడు, కాళ్ళు పట్టుకోబోయాడు. జక్కయ్య లొంగలేదు. ఆ రాత్రి తీతు వాళ్ళ పశువుల కొట్టం ముందే కూర్చుండిపోయాడు. తెల్లారాక జక్కయ్య భార్యే మొగుడి భుజాన కండువా వేసి, పోయిరమ్మని పంపింది.

వాళ్ళు చేరేసరికి శుక్రవారం ఎండ బాగా ఎక్కింది. సంఘపెద్దలు నలుగురూ మంచం చుట్టూ ఉన్నారు, జకర్యా అయ్యగారు తలాపు దగ్గర. రాత్రి జబ్బు తిరగబెట్టింది. హోషేయ ఛాతీ ఎగసిపడుతోంది. ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి పెట్టి చెప్పాడు.

“అంటించింది... నేను. కేక... వెయ్యలా. వాడు... కాదు.”

సంఘపెద్దలు తలలు దించుకున్నారు. రాహేలమ్మ గోడకు జారగిలబడింది. జక్కయ్య మంచం మీదికి వంగాడు.

“నా మీదెందుకు పెట్టావన్నా?”

హోషేయ పెదాలు కదిలాయి.

“ఎందుకన్నా? నేనేం చేశానని?”

పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. జక్కయ్య తన చెవి అన్న నోటి దగ్గర పెట్టాడు. అలాగే ఉన్నాడు, చాలాసేపు. పొద్దు వాలకముందే హోషేయ పోయాడు.

శనివారం పొద్దున తీతు మిగిలిన గొయ్యి తవ్వుతుంటే జక్కయ్య వచ్చి గునపం అందుకున్నాడు. ఆయన దెబ్బ దెబ్బకూ పెళ్ళ లేస్తోంది. గట్టు మీద జకర్యా అయ్యగారు రాళ్ళు పక్కకు వేస్తున్నారు. నడుముల్లోతు దిగాక జక్కయ్య ఆగి చెమట తుడుచుకున్నాడు.

“నా పేరు నాకిచ్చి పోయాడు. అది చాలు. ఎందుకు పెట్టాడో ఒక్క మాట చెప్పి పోయుంటే... ఊపిరి లేకపోయె. ఏం చేస్తాం, ఆయన రాత అంత.”

అదంతే జక్కయ్యా, దేవుడి చిత్తం అనేస్తే సరిపోయేది. మాట తీతు నాలిక మీదికొచ్చింది కూడా. అతనికి బాగా అలవాటైన మాటే.

“రాత కాదు” అన్నాడు తీతు. “మంగళవారం ఆయనకు ఊపిరుంది. నాతో గంటసేపు మాట్లాడాడు. ఈస్టరు దాకా ఉండనంటే నిన్ను అప్పుడే పిలిపించమన్నాడు. నేనే తొందరేం లేదన్నాను. ఈస్టరు దాకా ఉంటావని అబద్ధం చెప్పాను.”

జక్కయ్య గునపం పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. తీతు వెనక్కి జరగలేదు. కొడితే కొట్టనీ అనుకున్నాడు.

జక్కయ్య గునపం నేలకు ఆనించి దానిమీద బరువేశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

“నాకెందుకు చెప్పారయ్యా ఈ మాట? మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు గదా.”

గట్టు మీంచి జకర్యా అయ్యగారు అన్నారు:

“అందుకే చెప్పాడు.”