తవిటమ్మ బొటనవేలు

కూర్మారావు మాస్టారుని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఐ.టి.ఐ.లో ముప్పై ఏళ్ళు ఫిట్టరు పని నేర్పిన మనిషి ఆయన. ఓర్పు అంటే ఏమిటి మాస్టారూ అని ఒకసారి ఎవరో అడిగితే, చేతికి ఇనపముక్కా ఆకురాయీ ఇచ్చి, దీన్ని నలుపలకలుగా తీర్చు, తర్వాత మాట్లాడుకుందాం అన్నారట. సాయంత్రానికి అడిగినవాడు ప్రశ్న మర్చిపోయాడు, పని మాత్రం వచ్చింది. అందుకే తెలిసినవాళ్ళెవరూ తీరిక లేనప్పుడు ఆయన్ని సందేహాలు అడగరు.

ఆ సంగతి తెలిసీ వైదేహి ఒక సోమవారం ఆయన దగ్గరికి వెళ్ళింది. ఒకప్పుడు ఆయన దగ్గరే ఆకురాయి పట్టిన పిల్ల, ఇప్పుడు జిల్లాలో పనివాళ్ళకి శిక్షణ ఇప్పించే ఆఫీసులో అధికారి. ఊరి చివర జీడిపప్పు కర్మాగారంలో ఆమె ఒక పథకం నడిపిస్తోంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళూ ప్యాకింగు చేసేవాళ్ళూ ఫోనులో పన్నెండు పాఠాలు వినాలి. విన్నవాళ్ళని పప్పు రకాల వారీగా ఏరే గదికి మారుస్తారు. అక్కడ నెల జీతం, బెంచీ మీద కూర్చునే పని. అలా మారిన ప్రతి మనిషికీ ప్రభుత్వం యజమానికి కొంత సాయం చేస్తుంది. ఈ కాగితాలన్నీ వైదేహి తన చేత్తో రాసినవే, వాటి మీద ఆమెకి కాస్త గర్వం కూడా ఉంది. తీరా ఆరు నెలలయ్యాక చూస్తే నలభై ఒక్కమంది ఒక్క పాఠమూ తెరవలేదని తేలింది. ఆసక్తి లేనివాళ్ళంటూ వాళ్ళ పేర్లు కొట్టేసే జాబితా మీద శుక్రవారం లోపు ఆమె సంతకం పెట్టాలి. అందులో మొదటి పేరు తవిటమ్మ.

"ఫోన్లు ఇచ్చాం మాస్టారూ. పాఠాలు వాళ్ళ మాటలోనే చెప్పించాం. నేర్చుకుంటే మంచి పని ఇస్తామన్నాం. ఇంత చేసినా నేర్చుకోనివాళ్ళని ఏం చెయ్యాలి?" అని అడిగింది వైదేహి.

మాస్టారు జాబితా చూడలేదు. ఆమె చేతులు చూశారు. "రేపట్నించి మూడు రోజులు ఆ మొదటి పేరు పక్కన కూర్చుని పిక్కలు కొట్టు. శుక్రవారం రా" అన్నారు.

వైదేహికి ఒళ్ళు మండింది. తనిఖీకి వెళ్ళి కుర్చీలో కూర్చోవడం వేరు, పీట మీద కూర్చుని పిక్కలు కొట్టడం వేరు. కానీ ఆయన చేతికింద పని నేర్చినవాళ్ళకి ఆయన మాట తీసెయ్యడం చేతకాదు. మూడు రోజులు తనిఖీ డ్యూటీ అని ఆఫీసులో రాసి, మంగళవారం పొద్దున్నే పాత చీర కట్టుకుని వెళ్ళింది.

తవిటమ్మకి యాభై దాటాయి. ఇరవై రెండేళ్ళుగా అదే పీట, అదే మర. పక్కన వచ్చి కూర్చున్న అధికారిని చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏటమ్మా, నీకీ కర్మేటి?" అంటూనే పని చూపించింది. మరలో పిక్క పెట్టి కాలితో తొక్కాలి. పెంకు విచ్చుకోగానే సూదితో పప్పు విరగకుండా గుండుగా బయటికి తియ్యాలి. వైదేహి తీసినవన్నీ ముక్కలే. తవిటమ్మ మాత్రం తల తిప్పి కబుర్లు చెబుతూనే, వేలికి తగిలిన పప్పు తగిలినట్టు "ఇది పెద్ద రకం, ఇది రెండోది, దీనికి పురుగు మచ్చుంది, తీసెయ్" అని వేరు చేసుకుంటూ పోతోంది.

వైదేహి చెయ్యి ఆగిపోయింది. "మచ్చ సంగతి నీకెవరు చెప్పారు?"

"పోన్లో సెప్పినారు కదమ్మా, ఏడో పాటంలో."

జాబితా ప్రకారం తవిటమ్మ ఏడోది కాదు, మొదటి పాఠమే వినలేదు. అన్నాలవేళ రేకుల షెడ్డు నీడలో వైదేహి చూసింది. గౌరి అని, మూడు నెలల కిందట ప్యాకింగులో చేరిన అమ్మాయి, తన ఫోను మీద వేలిముద్ర వేసి పాఠం తెరిచి మధ్యలో ఉంచింది. చుట్టూ అయిదారుగురు గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు. వాళ్ళు లేచాక ఇంకో అయిదారుగురు వచ్చారు. గౌరి మళ్ళీ వేలు పెట్టి అదే పాఠం మొదట్నించి వేసింది.

"మీ ఫోన్లేవి?" అంది వైదేహి.

తవిటమ్మ తన బొటనవేలు చూపించింది. పెంకులోని జీడిరసం ఏళ్ళ తరబడి తినేసి, ఏట్లో గులకరాయిలా నున్నగా ఉంది. ఒక్క గీతా లేదు. "నా ఏలు సూసి, నువ్వెవులివి అంటాది ఆ పోను. మా అందరికీ అంతే. మేస్త్రీకి సెప్పినాం. ఏలు తుడుసుకుని ఎట్టండన్నాడు."

వైదేహికి తల కొట్టేసినట్టయింది. పనిలో ఆరితేరిన వేళ్ళన్నీ జాబితాలో ఉన్నాయి. అదే నివేదికలో గౌరి పేరు ఎదురుగా 'ఒక్కో పాఠం తొమ్మిదిసార్లు విన్నది, గ్రహణశక్తి తక్కువ' అని తనే రాసింది.

"గ్లౌజులు ఇవ్వలేదా మీకు?"

"బీరువాలో ఉన్నాయమ్మా. ఏసుకుంటే పప్పు ఏలికి తెలవదు, ముక్కయిపోద్ది. ముక్కయితే కూలి తగ్గించేత్తారు." తవిటమ్మ గిన్నె కడిగి బోర్లించింది. "ఏరే గదికి ఎల్తే ఈ సేతులు మానతాయని ఆశ. మా మనవరాలికి నాలుగేళ్ళు. నా సేత్తో ముద్దెడితే తినదు, నలుపని. నాకదొక్కటే బాధ."

వైదేహి మిగిలిన రెండు రోజులూ కూర్చుంది. వేళ్ళు పొక్కాయి. తవిటమ్మ ఆముదం రాసి, అధికారి అని కూడా చూడకుండా, ముక్కలు చేసినందుకు తిట్టింది.

శుక్రవారం పొద్దున్న ఆఫీసు గుమ్మం దగ్గర హాజరు మిషన్ మీద వైదేహి వేలు పెట్టింది. మిషన్ ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అంతే. మూడోసారి అటెండరు మర్యాదగానే అన్నాడు, "వేలు తుడుచుకుని పెట్టండి మేడమ్."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. లోపలికి వెళ్ళి జాబితా అడ్డంగా కొట్టేసి, పాఠం వచ్చిందో లేదో బల్ల మీద పప్పు పోసి చూడాలి గానీ ఫోనుని అడగకూడదని రాసింది. గ్లౌజులు అలవాటయ్యేదాకా ముక్కలకి కూలి తగ్గించడానికి వీల్లేదని దాని కింద చేర్చింది. యజమాని ఫోను చేసి గొణిగితే, ప్రభుత్వ సాయం కాగితం కూడా నా బల్ల మీదుగానే వెళ్తుందండీ అంది. ఆ మధ్యాహ్నం నలుగురి ఎదుటా తవిటమ్మ ముందు దోసెడు పప్పు పోశారు. ఆమె కళ్ళు మూసుకుని నాలుగు కుప్పలు చేసింది. ఒక్కటీ తప్పు పోలేదు. సోమవారం నుంచి ఏరే గదిలో కిటికీ పక్క బెంచీ ఆమెది. మిగిలిన నలభైమందికీ వరసగా అదే పరీక్ష.

సాయంత్రం వైదేహి మాస్టారింటికి వెళ్ళింది. సోమవారం అడిగిన ప్రశ్న ఆమె మళ్ళీ అడగలేదు. గుమ్మంలోనే, "మా ఆఫీసు మిషన్ నన్ను గుర్తుపట్టలేదు మాస్టారూ. ఆరేళ్ళ సర్వీసులో మొదటిసారి ఇవాళ గైర్హాజరు పడింది" అంది.

మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని, కిటికీ వెలుగులోకి తిప్పి, పొక్కిన బొటనవేలు కాసేపు చూశారు.

"హాజరు కూడా మొదటిసారి పడిందమ్మా" అన్నారు.