అరచేయంత మిగిలింది

గాలి మోసుకొచ్చిన ఇసుక ఇంకా దిబ్బలు కట్టని కాలంలో, అంటే మా తాతకి తాత కూడా పుట్టని కాలంలో, రాజపుత్రుల దేశాన కేర్‌గఢ్ అని ఒక కోట ఉండేది. నేను చూశానా అంటే చూడలేదు. నాకు చెప్పినవాడూ చూడలేదు. అందుకే ఇద్దరం ఇంత ధైర్యంగా చెబుతున్నాం.

ఆ కోటని ఏలేవాణ్ణి రావల్ అనేవారు. ఎదురుపడితే దొరా అన్నట్టు ‘హుకుం’ అనేవారు. రావల్‌కి భయం జాస్తి. భయస్థుడు ఇల్లు కట్టుకుంటే ఎలా ఉంటుందో ఆ కోట అలా ఉండేది. ఏడు ద్వారాలు. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దకుండా ప్రతి ద్వారం ముందూ దారిని వంకర తిప్పాడు. తలుపుల నిండా జానెడేసి ఇనప మేకులు. లోపలి గుమ్మాలు ఎంత పొట్టివంటే, ఎంతటి వీరుడైనా మెడ వంచి రావాల్సిందే. వంచిన మెడ కోసం పక్కనే కత్తి పట్టుకుని ఒకడు. ఇంత కట్టినా రావల్‌కి నిద్ర పట్టలేదు. ఏడు ద్వారాలూ పడిపోతే? అందుకని రాణివాసం గోడలోంచి బయటి బీడు దాకా సొరంగం తవ్వించాడు.

సొరంగం సంగతి తెలిసిన పనివాళ్ళు ముగ్గురే. రాయి పేర్చింది పేమా కాకా. తలుపు చేసింది హర్చంద్ అనే వడ్రంగి. ఆ తలుపు గోడలో కలిసిపోయేలా సున్నం పూసి మెరుగు పెట్టాల్సింది ధాపు.

ధాపు అంటే ఆ దేశంలో ‘ఇక చాలు’ అని. నాలుగో ఆడపిల్ల పుట్టినప్పుడు పెట్టుకునే పేరు. కానీ ఆమె చేతిపని చూసి చాలన్నవాడు లేడు. సున్నాన్ని ఏడాది పాటు పెరుగునీళ్ళలో నానబెట్టేది. వెన్నలా నూరి పూసేది. నున్నటి రాయితో రుద్దీ రుద్దీ గోడని అద్దం చేసేది.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. పని ఎవరి చేతిమీదుగా పూర్తయితే వాళ్ళకి ఎర్ర తలపాగా చుట్టి సన్మానం చేస్తారు. నాకు ఇంతవరకూ ఏ సన్మానమూ జరగలేదు, మొదలెట్టిన పని ఒక్కటీ పూర్తి చెయ్యలేదు గనక. ఈ కథ విన్నాక ఆ దిగులు పోయింది.

మొదట పేమా కాకా పని పూర్తయింది. పాగా చుట్టారు.

“కాకా, పక్కకి వాలింది, ఉండు,” అని ధాపు సర్దింది. ఆమె బొటనవేలి సున్నం పాగా అంచుకి తెల్లగా అంటుకుంది.

“ముసలోణ్ణి పెళ్ళికొడుకుని చేశావే!” అని నవ్వాడు కాకా.

“నువ్వు కట్టిన దారి. ముందు నువ్వే నడవాలి,” అన్నాడు రావల్. కాకా ఇద్దరు భటులతో లోపలికి వెళ్ళాడు. భటులు తిరిగొచ్చారు.

“కాకా ఏడి?” అంది ధాపు.

“అటునుంచి అటే ఊరెళ్ళిపోయాడు.”

తరవాత హర్చంద్ పని పూర్తయింది. పాగా చుట్టారు. ధాపు చూసింది. పాగా అంచున తెల్లటి బొటనవేలి ముద్ర. తనదే.

ఊరెళ్ళినవాడి పాగా ఇక్కడికెలా వచ్చింది? వెళ్ళకు హర్చంద్ భాయ్, అనాలనుకుంది. భటులు తనవైపే చూస్తున్నారు. తల వంచుకుని సున్నం నూరసాగింది.

“నీ వంతూ వస్తుందిలే, ధాపూ!” అని చెయ్యూపుతూ వెళ్ళాడు హర్చంద్. భటులు తిరిగొచ్చారు.

ఇక మిగిలింది ధాపు. పారిపోదామంటే ఏడు ద్వారాలు, ఏడు వంకరలు. సొరంగం వైపు ఆ ఇద్దరు భటులు. రుద్దింది. ఏడుస్తూ రుద్దింది. గోడంతా మెరిసింది. తలుపు గడియ దగ్గర మాత్రం అరచేయంత జాగా గరుగ్గా వదిలేసింది.

రావల్ వచ్చాడు. “అయిందా, ధాపూ?”

“అరచేయంత మిగిలింది, హుకుం.”

“ఎందుకు మిగిలింది?”

“సున్నం నానలేదు, హుకుం. పచ్చి సున్నం పగులుతుంది. పగిలితే తలుపు కనిపిస్తుంది.”

ఏడాది గడిచింది. రావల్ వచ్చాడు. “అయిందా, ధాపూ?”

“అరచేయంత మిగిలింది, హుకుం. గాలి పొడిగా ఉంది. ఒక్క వాన పడనివ్వండి.”

ఆ దేశంలో వాన అంటే మా ఇంటికి చుట్టం లాంటిది. వస్తానంటుంది గానీ, రావడానికి మూడేళ్ళు పడుతుంది. ఆ మూడేళ్ళూ ధాపు ఒక్క మబ్బుని చూసినా వణికింది.

వాన వచ్చింది. రావల్ వచ్చాడు. వెనక ఇద్దరు భటులు. ఒకడి చేతిలో పళ్ళెం. పళ్ళెంలో ఆడవాళ్ళు తలమీద కప్పుకునే ఎర్ర ఓఢ్నీ.

ధాపు దగ్గరికెళ్ళి చూసింది. అది ఓఢ్నీ కాదు. పాగా విప్పి మడతపెట్టారు. అంచున తన బొటనవేలి ముద్ర.

“అయిందా, ధాపూ?”

“అరచేయంత మిగిలింది, హుకుం.” ఆమె చేతులు చాచింది. అవి నిజంగానే ఆకుల్లా ఊగుతున్నాయి. “ఈ చేతులతో ఇక మెరుగు రాదు. ఇంకెవరి చేతనైనా కానివ్వండి. చిటికెలో పని.”

రావల్ మొదటి భటుడికి మెరుగు పెట్టే రాయి ఇమ్మన్నాడు. వాడు రెండు చేతులూ జోడించాడు. “హుకుం, పని ఎవరి చేతిమీదుగా పూర్తయితే...” అని మిగతా మాట మింగేశాడు. రెండోవాడు పళ్ళెం గట్టిగా పట్టుకుని, “నా చేతులు ఖాళీ లేవు, హుకుం,” అన్నాడు.

“పిరికిపందల్లారా!” అని రావల్ తనే రాయి లాక్కున్నాడు. గోడ దగ్గరికి నడిచాడు. చెయ్యెత్తాడు.

గోడలో తనే కనిపించాడు. ఎత్తిన చెయ్యి కనిపించింది. తన భుజం వెనకే ఎర్రగుడ్డ కనిపించింది. దాన్ని పట్టుకున్నవాడు తనవైపే చూస్తున్నాడు. పేమాని తీసుకెళ్ళింది వాడే. హర్చంద్‌ని తీసుకెళ్ళిందీ వాడే.

రావల్ ఎత్తిన చెయ్యి దించాడు.

రాయి చేతిలోంచి జారి నేలమీద పడింది.

“అరచేయంతే కదా,” అన్నాడు రావల్ నెమ్మదిగా. “ఉండనీ.”

ఆ గరుకు కనిపించకుండా ఒక తెర కట్టించాడు. వట్టి గోడకి తెర ఎందుకని దాసీలు అడిగారు, దాసీల్ని మొగుళ్ళు అడిగారు. నెల తిరక్కుండా సొరంగం సంగతి కేర్‌గఢ్ మేకలకి కూడా తెలిసింది. ఇంక ధాపుని చంపి లాభమేముంది? ఊరంతటికీ సన్మానం చెయ్యాలంటే అంత ఎర్రగుడ్డ ఎక్కడిది?

ధాపు ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు బతికింది. ఎవరైనా వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే చచ్చేదాకా ఉలిక్కిపడింది. తను మెరుగు పెట్టిన ప్రతి ఇంట్లో అరచేయంత గరుకు వదిలి, దానిమీద రెండు బొటనవేలి ముద్రలు వేసేది. ఒకటి పేమాకి. ఒకటి, తను ఆపలేకపోయిన హర్చంద్‌కి. చివరికి తన మంచం మీద తనే కన్నుమూసింది.

ఏడు ద్వారాలూ కూలిపోయాయి. రావల్ పేరేమిటని అడుగుతారేమో, ఎవరికీ గుర్తులేదు. కానీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ తలుపు వెనక గోడమీద అరచేయంత గరుకు వదులుతారు. దాన్ని ధాపు చెయ్యి అంటారు. దానిమీద రెండు బొటనవేళ్ళు అద్దుతారు. కొత్తకోడలు తెలియక దాన్ని రుద్దబోతే, ఇంటి ముసలమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంటుంది.

“వద్దే తల్లీ. అరచేయంతే కదా. ఉండనీ.”