అట్ట ఒకరికి, రికార్డు ఒకరికి

శౌరి ఫాదర్ ఊరు వదిలి వెళ్తున్నారని తెలిసి మా చర్చి జనమంతా కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నారెడ్డి మాత్రం ఒక రికార్డు గురించి కుమిలిపోయాడు. ఈ సంగతి నాకు అతనే చెప్పాడు, కాబట్టి అతన్ని నాలుగు మాటలు అనే హక్కు నాకుంది.

ఇన్నారెడ్డి కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. ఫాదర్ దగ్గర అతను నేర్చుకున్నది వినడం. ఫాదర్ వయసులో ఉండగా బెల్జియంలో చదువుకున్నారు, అక్కడే చెల్లో నేర్చారు. కాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద ఫిడేలు అనుకోండి. ఆయనది పాతకాలపు చెల్లో, గొర్రె పేగుతో చేసిన తీగలు. దాని మీద మూడొందల ఏళ్ళ కిందటి బరోక్ సంగీతం, తోడు ఎవరూ లేకుండా ఒంటరిగా వాయించేవారు. వేళ్ళు వంకరపోయాక వాయించడం మానేసి, ఆదివారం పూజ అయ్యాక తన గదిలో రికార్డులు పెట్టేవారు. ఏళ్ళ తరబడి ఆ గదిలో ఎదురుగా కూర్చున్నది ఇన్నారెడ్డి ఒక్కడే.

అలా అలా అతనికి పిచ్చి ముదిరింది. దేశదేశాల నుంచి రికార్డులు తెప్పించాడు. ఒక్క వాద్యమే మోగాలి. అది ఆ కాలం వాద్యమే అయ్యుండాలి. స్టీలు తీగ మీద వాయించింది ఎవరైనా ప్రేమగా తెచ్చి ఇచ్చినా గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. రికార్డుల అట్టల వెనక రాసి ఉన్నదంతా అతనికి కంఠతా వచ్చు. ఏ చర్చిలో రికార్డు చేశారు, ఏ విల్లుతో వాయించారు, తీగలు ఎవరు పేనారు, అన్నీ.

అతని అలమారలో ఒక్కచోట సందు ఉంది. అటూ ఇటూ రికార్డులు వాలిపోకుండా అక్కడొక చెక్క ముక్క నిలబెట్టాడు. ఫాదర్ బెల్జియంలో ఉండగా ఒక స్నేహితుడు ఆయన వాయించినదాన్ని రికార్డు చేసి కొద్ది కాపీలు వేయించాడు. వాటిలో మిగిలింది ఫాదర్ దగ్గరున్న ఒకటే. ఫాదర్ దాన్ని ఎప్పుడూ ఎవరికీ వినిపించలేదు, సిగ్గనేవారు. ఆ సందు దానికోసమే.

"ఆ ఖాళీలో ఆవకాయ జాడీ పెట్టుకోనా?" అని అతని భార్య స్టెల్లా ఏడాదికోసారి అడిగేది. అతను నవ్వేవాడు కాదు.

ఇంతలో లూర్దు టీచర్ వచ్చింది. ఆడపిల్లల బడిలో హిందీ చెప్తుంది, తల్లితో కలిసి ఉంటుంది. ఒక ఆదివారం ఫాదర్‌కి పూల కుండీ ఇవ్వడానికి వచ్చి, వరండాలో నిలబడి విని, మరుసటి ఆదివారం లోపలికి వచ్చి కూర్చుంది. ఆమె దగ్గర ఒక్క రికార్డు లేదు. ప్లేయర్ కూడా లేదు. ఇన్నారెడ్డి అలవాటు ప్రకారం రికార్డు పెట్టేముందు విల్లు గురించి, తీగల గురించి చెప్తుంటే, "ముందే చెప్పేస్తారెందుకండీ, వినబడుతుందిగా" అంది. అతనికి ఒళ్ళు మండిపోయింది.

అంతకన్నా ఘోరం, ఒకరోజు వింటూ వింటూ నిద్రపోయింది.

ఆమె వెళ్ళాక, "చూశారా ఫాదర్, కునుకు తీసింది" అన్నాడు.

"చూశాను. ఎంత హాయిగా పడుకుందో" అన్నారు ఫాదర్.

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. వెన్ను నిటారుగా పెట్టి ఇన్నేళ్ళు విన్నవాడికి ఒక్క మెచ్చుకోలు లేదు. అప్పటి నుంచి రికార్డు వినడం మానేసి ఆమెనే కనిపెట్టి చూడటం మొదలుపెట్టాడు. ఫాదర్ ఆమెకి టీ ముందు ఇచ్చారా? ఆమె వైపు చూసి తల ఊపారా? ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే అతనికి కడుపులో మంట. నేనే ఒకసారి యాంటాసిడ్ కొనిపెట్టాను.

ఇప్పుడు ఫాదర్ పక్క జిల్లాలో రిటైరైన ఫాదర్లు ఉండే ఇంటికి వెళ్తున్నారు. చెల్లో, ఫాదర్ల చదువు చెప్పే సెమినరీకి ఇచ్చేశారు, ప్లేయర్ కూడా. మిగిలింది ఆ రికార్డు.

బయల్దేరే రోజు పొద్దున ఇద్దర్నీ పిలిచారు. ఇన్నారెడ్డి సంచిలో మెత్తటి గుడ్డ పెట్టుకుని మరీ వెళ్ళాడు. ఫాదర్ మంచం మీద కూర్చుని, రికార్డుని అట్టలోంచి బయటికి తీశారు. నల్లటి పళ్ళేన్ని లూర్దు టీచర్ చేతిలో పెట్టారు. ఖాళీ అట్టని ఇన్నారెడ్డికి ఇచ్చారు.

"ఫాదర్, ఇది అట్ట" అన్నాడు ఇన్నారెడ్డి.

"అవును."

"రికార్డు ఆవిడకిచ్చారు."

"అవును" అన్నారు ఫాదర్. చెప్పులు వెతుక్కోవడానికి వంగారు.

ఇన్నారెడ్డి ఇంటికొచ్చి చెక్క ముక్క తీసి ఆ సందులో అట్ట పెట్టాడు. చక్కగా అమరింది. బయటికి చూస్తే అలమార నిండుగా ఉంది. "నిండిందిగా, ఇంకా ఎందుకా మొహం?" అంది స్టెల్లా. అతను దాన్ని తీసి చదివాడు. తీగలు ఎక్కడివో ఉంది. చర్చి పేరుంది. ముందువైపు సన్నటి మెడతో, నల్లటి జుట్టుతో శౌరి ఫాదర్ ఉన్నారు. వేళ్ళు దూర్చి చూస్తే లోపల ఏమీ లేదు.

ఆ టీచర్ రికార్డుని ఏం చేస్తోందో అని ఊహించుకుంటూ అతను చిక్కిపోయాడు. ఎండలో పెట్టిందేమో, దాని మీద ఏదైనా బరువు పెట్టిందేమో. మధ్యలో ఒక్కటే ఊరట దొరికింది. ఆమె దగ్గర ప్లేయర్ లేదు కదా. తను వినకపోతే పోయె, ఆమె కూడా వినలేదు. ఈ ఆలోచన వచ్చిన పూట అతను కడుపునిండా అన్నం తిన్నాడు. ఈ మాట నాకు చెప్పేప్పుడు తల వంచుకున్నాడు, నేనూ ఊరుకోలేదు, బాగానే తిట్టాను.

చివరికి ఉండబట్టలేక, రికార్డు పాడైందో లేదో చూడాలని ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాడు. పాడైతే ఫాదర్‌తో చెప్పొచ్చని కూడా అనుకున్నాడు.

పాడవలేదు. ఉతికిన దిండు గలేబులో పెట్టి, బీరువాలో పట్టుచీరల పక్కన నిలబెట్టి ఉంచింది. రెండు చేతులతో అంచులు పట్టుకుని తెచ్చి చూపించింది.

"మీతో ఒక మాట చెప్పనా, ఏమీ అనుకోకండి" అంది. "మీరంటే నాకు కుళ్ళుగా ఉందండీ."

"నేనంటేనా?"

"అట్ట మీకిచ్చారుగా. దాని మీద ఫాదర్ చిన్నప్పటి ఫోటో ఉందట, నేను సరిగ్గా చూడనేలేదు. మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుకుంటారు. నేను దీన్ని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూస్తాను. గీతలు తప్ప ఏం కనబడవు. అన్నేళ్ళు ఆయన దగ్గర కూర్చున్నవాళ్ళు కాబట్టి మీకే మంచిది ఇచ్చారనుకున్నాను."

ఇన్నారెడ్డి ఆమె తల్లి ఇచ్చిన మజ్జిగ తాగి లేచాడు.

మర్నాడు పొద్దున ఆటో పిలిచి తన ప్లేయర్ ఎక్కించాడు. ఒళ్ళో అట్ట. స్టెల్లా కూడా ఎక్కి కూర్చుంది. "నువ్వెందుకు?" అంటే, "ఆ పెట్టె మన గుమ్మం దాటడం కళ్ళారా చూద్దామని" అంది.

లూర్దు టీచర్ ముందు ఫోటో చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రికార్డు పెట్టారు.

మొదట వాద్యం మోగలేదు. తేమకి పేగు తీగలు మాట వినవు. శౌరి ఫాదర్ తీగ బిగిస్తున్నారు, జారిపోతోంది, మళ్ళీ బిగిస్తున్నారు. కుర్చీ కిర్రుమంది. ఒక నిట్టూర్పు వినబడింది. ఆ తర్వాత, ఎక్కడో బెల్జియం చర్చిలో, గేదెని దొడ్లోంచి తోలేప్పుడు అన్నట్టు, ఒక కుర్ర గొంతు తెలుగులో అంది: "ఊఁ, పద తల్లీ."

వెంటనే చెల్లో కదిలింది.

రికార్డు చేసినవాళ్ళకి అది తెలుగని తెలిసుండదు, ఉంచేశారు. ఇన్నారెడ్డి అలవాటుగా అట్ట తిప్పి చూశాడు. ఆ మాట దాని మీద ఎక్కడా లేదు. అట్ట పక్కన పెట్టాడు. స్టెల్లా పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ పెట్టె మీద ఇన్నేళ్ళుగా కసి పెంచుకున్న మనిషి.

కొన్నాళ్ళకి అతను ఫాదర్‌ని చూడటానికి వెళ్ళాడు. ఫాదర్ వరండాలో నీరెండలో కూర్చుని ఉన్నారు.

"అట్ట బాగుందా?" అని అడిగారు.

"రికార్డు దగ్గరుంది ఫాదర్. అట్ట లేకపోతే దుమ్ము పడుతుంది."

"రికార్డు?"

"టీచరుగారి దగ్గరే."

"మరి నీ ప్లేయర్?"

"అదీ అక్కడే."

"ఇంట్లో నీ అలమార నిండా ఉన్నవి?"

"ఆదివారానికి ఒకటి తీసుకెళ్తున్నాను ఫాదర్."

ఫాదర్ వంకర వేళ్ళతో శాలువా సర్దుకున్నారు. "వింటూ వింటూ ఆమె నిద్రపోతే?"



"చప్పుడు కాకుండా రెండో వైపు తిప్పుతాను ఫాదర్" అన్నాడు.