రెండు చేతులకీ రెండు వాచీలు

అనగనగనగా, ఉప్పుగాలి వీచే ఒక ఊళ్ళో ఒక జనపనార మిల్లు ఉండేది. గోనెసంచులు నేసే మిల్లు. పొద్దున్న అది కూత వేస్తే ఊరు పనిలోకి వెళ్ళేది. సాయంత్రం ఆరింటికి కూత వేస్తే ఊరు ఇంటికొచ్చేది. ఆ కూత వేసేవాడి పేరు గవిరయ్య.

ఇటు తిరుగు తల్లీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. నాకూ ఇవాళ ఒళ్ళంతా నొప్పులుగా ఉంది, మెల్లిగానే చెప్తాను.

గవిరయ్యకి వాచీలంటే ప్రాణం. కొందరికి తిండి మీద యావ ఉంటుంది, కొందరికి పేకాట మీద ఉంటుంది. గవిరయ్యకి వాచీల మీద ఉండేది. బస్సులో ఎవరైనా పక్కన కూర్చుంటే ముందు మొహం చూసేవాడు కాదు, మణికట్టు చూసేవాడు.

మొదట్లో అతనికి ఎంచుకోవడం తెలియలేదు. అమ్మవారి తీర్థంలో, జాతర అంగట్లో ఒక వాచీ కొన్నాడు. ఎందుకు కొన్నాడూ అంటే, బంగారంలా మెరిసింది. నెల తిరిగేసరికి ఆ మెరుపు ఊడిపోయింది. చేతికి దురద పుట్టింది. ఆ తర్వాత చెమట లోపలికి దిగి, అద్దం కింద ఆవిరి పట్టి, ఒకరోజు ఆగిపోయింది.

అప్పుడు ఇంకోటి కొన్నాడు. ఇది బాగా పెద్దది. దాని లోపల ఇంకో మూడు చిన్న చిన్న డయల్లు, వాటికి మళ్ళీ ముళ్ళు. చూసినవాళ్ళందరూ అబ్బో అన్నారు. కానీ టైము చూడాలంటే వెతుక్కోవాల్సి వచ్చేది. చొక్కా చేతి కింద పట్టేది కాదు. అది పాడైనప్పుడు విప్పి బాగుచేసేవాడు ఆ ఊళ్ళో లేడు, ఆ పక్క ఊళ్ళోనూ లేడు.

అప్పుడు గవిరయ్య ఇస్మాయిల్ సాయిబు దగ్గరికి వెళ్ళాడు. సాయిబు సినిమా హాలు పక్కన ఒక అద్దాల పెట్టె ముందు కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని వాచీలు బాగుచేసేవాడు. గవిరయ్య తన బాధ చెప్పుకున్నాడు. సాయిబు అంతా విని, "ముందు నీ చెయ్యి చూపించు" అన్నాడు.

బొటనవేలితో, చూపుడువేలితో గవిరయ్య మణికట్టు పట్టుకుని చూశాడు. "సన్నటి చెయ్యి. దీని మీద పెద్ద వాచీ నిలబడదు, తిరిగిపోతుంది. నీ పనేమో కూత వెయ్యడం, ఒక్క చూపులో టైము కనపడాలి నీకు. ఇంకో సంగతి. పాడైతే దాన్ని విప్పగలిగేవాడు నీ ఊళ్ళో ఉండాలి. ఈ మూడూ చూసుకున్నాక అందం చూసుకో" అన్నాడు.

ఆ తర్వాత మూడు పాత వాచీలు తీసి గుడ్డ మీద పెట్టాడు. గవిరయ్య ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఒకటి కుంటుతున్నట్టుగా నడుస్తోంది. ఒకటి ఎవరో తరుముతున్నట్టు నడుస్తోంది. మూడోది మాత్రం నిదానంగా, ఒకే తీరుగా నడుస్తోంది. తెల్లటి డయలు, నల్లటి అంకెలు. అంతే, ఇంకే హంగూ లేదు. గవిరయ్య దాన్ని కట్టుకున్నాడు.

దాన్ని ఎంత బాగా చూసుకునేవాడనుకున్నావు. రోజూ స్నానం అయ్యాక, చెయ్యి బాగా ఆరాక కీ ఇచ్చేవాడు. రేడియోలో వార్తల ముందు వచ్చే చప్పుడుతో సరిచూసుకునేవాడు. అది రోజుకి పది సెకన్లు వెనకబడేది. పర్వాలేదు, దాని గుణం అది అనుకుని ముల్లు సర్దేవాడు. రేడియో మీద మాత్రం పెట్టేవాడు కాదు, అందులో అయస్కాంతం ఉంటుంది, వాచీ స్ప్రింగుకి పడదు. మిల్లులో ఎప్పుడూ నార దుమ్ము లేస్తూ ఉంటుంది కదా, అందుకని దాని మీద జేబురుమాలు చుట్టేవాడు. ఎండాకాలంలో చెమటకి తోలు బెల్టు పాడవుతుందని వాళ్ళావిడ రామలక్ష్మి గుడ్డ పట్టీ కుట్టిపెట్టేది. మూడేళ్ళకోసారి సాయిబుకి ఇస్తే, ఆయన విప్పి, కడిగి, సూదిమొనతో నూనె చుక్కలు వేసేవాడు. ఆ నాలుగు రోజులూ గవిరయ్య మాటిమాటికీ ఖాళీ చెయ్యి చూసుకుంటూ తిరిగేవాడు.

అలా పన్నెండేళ్ళు గడిచాయి.

అప్పుడు మిల్లుకి కొత్త మేనేజరు వచ్చాడు. శేషగిరి ఆయన పేరు. మెత్తగా మాట్లాడేవాడు. సంచులు ఇంకా కావాలి, ఇంకా కావాలి అని పైనుంచి ఉత్తరాలు వస్తుండేవి. మిల్లులో అందరూ అలిసిపోయి ఉండేవాళ్ళు. పొద్దున్న వచ్చేటప్పుడే అలిసిపోయినట్టు ఉండేవాళ్ళు.

ఒకరోజు మేనేజరు గవిరయ్యని గదిలోకి పిలిచాడు. "నీకు వాచీలంటే ఇష్టమట కదా" అంటూ బల్ల సొరుగులోంచి ఒకటి తీసిచ్చాడు.

అమ్మలూ, అలాంటి వాచీని గవిరయ్య బొమ్మల్లో తప్ప చూడలేదు. దానికి కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి కదిలితే చాలు, అదే కీ ఇచ్చుకుంటుంది. వెనక మూత కూడా అద్దమే. లోపల అర్ధచంద్రంలాంటి బిళ్ళ ఒకటి ఊగుతూ, దాని కింద ఎర్రరాళ్ళు, బుల్లి బుల్లి చక్రాలు.

"ఇది నీదే. ఇకనుంచి పొద్దున్న నీ పాత వాచీ చూసి కూత వెయ్యి. సాయంత్రం మాత్రం దీన్ని చూసి వెయ్యి" అన్నాడు మేనేజరు.

గవిరయ్య రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇది అయిదు నిమిషాలు వెనక ఉందండీ. సరిచేస్తాను."

"సరిచెయ్యకు" అన్నాడు మేనేజరు.

గవిరయ్యకి అర్థమైంది. అర్థమైనా వాచీని తిరిగి బల్ల మీద పెట్టలేకపోయాడు. అప్పటికే అది అతని అరచేతిలో వెచ్చబడింది.

ఇంటికి వెళ్ళాక రామలక్ష్మి చూసింది. "రెండు చేతులకీ రెండు వాచీలేంటి?"

"ఒకటి టైముకి, ఒకటి కొలువుకి" అన్నాడు గవిరయ్య. ఆవిడ అన్నం పెట్టింది.

అప్పటినుంచి సాయంత్రం పూట కుడిచేతి పాత వాచీలో ఆరయ్యేది, ఎడమచేతి కొత్త వాచీలో అయ్యేది కాదు. గవిరయ్య కూత గొలుసు పట్టుకుని ఆ అయిదు నిమిషాలూ నిలబడేవాడు. అయిదు నిమిషాలే కదా అనుకునేవాడు. కానీ లోపల ఆరువందలమంది నిలబడి ఉండేవాళ్ళు.

మొదట సూరీడమ్మ అడిగింది. ఆమె నూలు సెక్షన్లో పనిచేస్తుంది. ఒకరోజు బయటికి వస్తూ, "ఏటి అన్నియ్యా, ఈమధ్య కూత లేటుగా వస్తన్నాదా, నాకే అలాగుంటున్నాదా?" అంది. గవిరయ్య ఆకాశం వంక చూసి, "రోజులు చిన్నవవుతున్నాయి కదమ్మా" అన్నాడు. ఆ మాట అన్నందుకు దారంతా సిగ్గుపడ్డాడు.

ఆ తర్వాత ముసలి పోతయ్య వంతు వచ్చింది. ఆయన ఊరికి ఆరుంబావుకి బస్సు ఉంది. ఆయన నడకకి మిల్లు నుంచి బస్టాండుకి సరిగ్గా పదిహేను నిమిషాలు. వరసగా మూడు రోజులు ఆ బస్సు ఆయన కళ్ళముందే వెళ్ళిపోయింది. మూడు రోజులూ నాలుగు మైళ్ళు నడిచి ఇంటికి వెళ్ళాడు. పాదాలకి గుడ్డ చుట్టుకుని మర్నాడు మళ్ళీ వచ్చాడు.

ఆ తర్వాత మూడోది జరిగింది.

నువ్వు భయపడకు, నా చెయ్యి పట్టుకో. ఒక సాయంత్రం గవిరయ్య గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. కుడిచేతి వాచీలో ఆరూ నాలుగు. లోపలినుంచి కేక వినిపించింది. సూరీడమ్మకి నిలబడే కునుకు పట్టింది. చెయ్యి యంత్రం మీదికి జారింది. కుడిచేతి చూపుడువేలి కొన నలిగిపోయింది. ఆస్పత్రిలో ఆ కొన తీసేశారు.

ఎన్నింటికి జరిగిందో ఆ మిల్లులో ఒక్క గవిరయ్యకే నిమిషంతో సహా తెలుసు.

అప్పుడు ఎడమచేతి వాచీ విప్పి మేనేజరు బల్ల మీద పెట్టాడు.

"పనిలో ఇలాంటివి మామూలే గవిరయ్యా" అన్నాడు మేనేజరు.

"ఆరు దాటాక జరిగిందండీ."

"ఎవరు చెప్పారు?"

"నా వాచీ చెప్పిందండీ."

"నీ పాత వాచీ ముందుకి నడుస్తున్నట్టుంది."

తనని తిట్టినా గవిరయ్య అంత బాధపడేవాడు కాదు. "రోజుకి పది సెకన్లు వెనక్కి నడుస్తుందండీ. ముందుకి ఎప్పుడూ నడవలేదు" అన్నాడు.

మర్నాడు సాయంత్రం సరిగ్గా ఆరింటికే కూత వేశాడు. ఆ పై రోజు అతన్ని కూత దగ్గరనుంచి తీసేసి, సంచుల గోడౌనుకి పంపించారు. మేనేజరు ఆ మెరిసే వాచీని ఇంకొకతనికి ఇచ్చాడు. మళ్ళీ కూత అయిదు నిమిషాలు లేటుగానే రావడం మొదలైంది.

గోడౌనులో గవిరయ్య రోజంతా సంచులు లెక్కపెట్టి కట్టలు కట్టేవాడు. చీకటి, దుమ్ము. సాయంత్రం అయ్యేసరికి నడుము పట్టేసేది. ఊరికే ఒకసారి వాచీ చూసుకునేవాడు. ఆరయిందని తెలిసేది. తెలిసి చేసేదేమీ ఉండేది కాదు.

మూడు వారాల తర్వాత సూరీడమ్మ పనిలోకి వచ్చింది. వేలికి కట్టు అలాగే ఉంది. గోడౌను గుమ్మం దగ్గర నిలబడింది. గవిరయ్య తలెత్తలేకపోయాడు. నెమ్మదిగా జరిగినదంతా చెప్పేశాడు. రెండు వాచీల సంగతీ, అయిదు నిమిషాల సంగతీ, రోజులు చిన్నవవుతున్నాయని చెప్పిన అబద్ధం సంగతీ.

సూరీడమ్మ కట్టు కట్టిన వేలు చూసుకుంది. అరిచే ఓపిక ఆమెకి లేదు. "అయితే మాకో వాచీ ఎంచిపెట్టు" అంది ఆఖరికి. "మా సెక్షనోళ్ళం అందరం కలిసి కొనుక్కుంటాం. నీకు తెలిసిన ఇద్దె ఇది ఒక్కటే కదా."

ఆదివారం నాడు సూరీడమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ గవిరయ్యతో కలిసి ఇస్మాయిల్ సాయిబు దగ్గరికి వెళ్ళారు. వాళ్ళలో పోలమ్మ పెద్దది, అంకెలు రావు. గవిరయ్య వాచీలన్నీ ఆమెకి చూపించాడు. "అక్కా, అంకెలు వదిలెయ్యి. ముళ్ళు చూడు. ఆరంటే రెండు ముళ్ళూ కలిసి పైనుంచి కిందికి ఒకటే నిలువు గీత. దూరంనుంచి నీకు ఏ దాంట్లో గీత కనపడుతుందో చెప్పు" అన్నాడు.

పోలమ్మ రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడింది. ఒకటి కనపడలేదంది. రెండోది మసగ్గా ఉందంది. మూడోది, లావుపాటి నల్ల ముళ్ళున్నది చూపిస్తే, "అదుగో, గుడిసె మధ్య నిట్రాడలాగ నిలబడింది" అంది. దాన్నే తీసుకున్నారు. సాయిబు దానికి దుమ్ము పట్టకుండా అద్దం మూతున్న చిన్న డబ్బా ఇచ్చాడు.

మర్నాడు ఆ డబ్బాని సెక్షన్ మధ్య స్తంభానికి కట్టారు. ఆ సాయంత్రం ముళ్ళు నిలువు గీత కాగానే పోలమ్మ తల ఊపింది. అందరూ యంత్రాలు ఆపి, చేతులు దులుపుకున్నారు. అప్పుడు మేనేజరు వచ్చాడు.

"కూత కాలేదు కదా" అన్నాడు.

"మా వాచీలో ఆరయింది బాబూ" అంది సూరీడమ్మ.

ఆమె మాటలో కోపం లేదు. అలిసిపోయిన మనిషి మాట అది. మేనేజరు స్తంభం వంక చూశాడు. అందరూ ఆయన చేతి వంక చూశారు. ఆయన కట్టుకున్న వాచీలో కూడా ఆరే అయింది. అది ఆయన సొంత వాచీ కదా, సరిగ్గానే నడుస్తుంది. ఆయన చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు నేత సెక్షన్ వాళ్ళూ అలాగే ఆపేశారు. ఆ పై రోజు మిల్లంతా ఆపేసింది. నాలుగో రోజునుంచి కూత ఆరింటికే వచ్చింది.

"మరి గవిరయ్యకి కూత మళ్ళీ ఇచ్చారా అమ్మమ్మా?"

లేదమ్మా, ఇవ్వలేదు. గోడౌనులోనే ఉండిపోయాడు. దానికి అతను బాధపడలేదని నేను చెప్పను. కానీ స్తంభం మీది వాచీ సంరక్షణ అతనిదే అయింది. మొదటిరోజు కీ ఇవ్వబోతే సూరీడమ్మ అడ్డుపడింది. "నేనిస్తాను, ఎలాగో చెప్పు" అంది. కుడిచేతి వేలికి కొన లేదు కదా, ఎడమచేత్తో మొదలుపెట్టింది. కీ తిప్పే గుండీ జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. గవిరయ్య చెయ్యి చాపలేదు. "తొందరేం లేదు. బిగుసుకున్నట్టు తెలుస్తుంది, అక్కడ ఆపెయ్యి" అన్నాడు. కాసేపటికి ఆమె వేళ్ళకి తెలిసింది. ఆపేసింది.

ఆ సాయంత్రం సూరీడమ్మ ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. పొయ్యి వెలిగించాలి, నీళ్ళు తోడాలి. ఆమె గడపలో కూర్చుంది.

"కూర్చుని ఏం చేసింది అమ్మమ్మా?"

ఏమీ చెయ్యలేదు తల్లీ. కాళ్ళు చాపుకుని, వెలుతురు పోయేదాకా ఊరికే కూర్చుంది.

మిల్లు అలిసి ఊరకుంది, ఊరు అలిసి పడుకుంది,
ముల్లు మాత్రం నడుస్తోంది, దాని పని దానికుంది.
కథ నడిచి కంచి చేరింది, మనకేమో మన ఇల్లుంది,
కళ్ళు మూసుకో నా తల్లి, నిద్ర నీకై కాచుకుంది.