పోటుకీ పోటుకీ మధ్య

కామేశ్వరమ్మగారు ఏది అడిగినా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోరు. అనకాపల్లి దగ్గర ఓ కాలేజీలో ఏళ్ళ తరబడి కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు గానీ, ఆ అలవాటు మాత్రం రిటైరవలేదు. అడిగినవాడికి ఏదో పని అప్పగించి, తన పని తాను చూసుకుంటారు. అది తెలిసి కూడా శిష్యుడు ఫణిభూషణం ఆవేళ పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడంటే, పాపం, గుండెల్లో రాయి పడబట్టే.

"అమ్మా, రెండేళ్ళు తిండీ నిద్రా మానుకుని ఓ ఆపరేటింగ్ సిస్టమ్ రాశాను. ఒక్క ప్రాసెసర్ ఉన్న మెషీన్ మీద పాత సిస్టమ్ నాదాన్ని చిత్తుగా ఓడించింది. నాలుగు ప్రాసెసర్ల మెషీన్ మీద నాది గెలిచింది, పాతది మధ్యలోనే చతికిలబడింది. ఏది మంచిదనుకోవాలి? ఏ పని ముట్టుకోబోయినా, ఇంకో ప్రాసెసర్ చెయ్యి అక్కడుందేమోనని నాది ఆగి చూసుకుంటుంది. ఆ ఆగడమే కొంప ముంచింది. మధ్యాహ్నం దీన్ని చూడ్డానికి పరీక్షకులు వస్తున్నారు. ఈలోగా ఆ ఆగే భాగమంతా చెరిపేద్దామనుకుంటున్నాను."

"పెరట్లో కారం కొడుతున్నారు. వెళ్ళి జల్లెడ పట్టు," అన్నారావిడ.

ఫణికి ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాడు, వెళ్ళక చస్తాడా! ఆవకాయ రోజులు. పెరట్లో రెండు రోళ్ళు. ఒకదాని దగ్గర పైడమ్మ, ఎప్పుడూ ఒక్కతే దంచే మనిషి. రెండోదాని దగ్గర నూకాలు. చిన్నప్పటినుంచీ జోడీగా దంచడమే ఆవిడకి అలవాటు, ఇప్పుడు జోడీ వాళ్ళ వదిన. ఆ వదిన ఇంకా రాలేదు. చెరో బుట్ట మిరపకాయలు ముందేసుకుని ఇద్దరూ మొదలుపెట్టారు.

పైడమ్మ బుట్ట ఖాళీ అయ్యేసరికి నూకాలు బుట్టలో ఇంకా పావువంతు మిగిలే ఉంది. ఫణి జల్లెడ సంగతి మరిచిపోయి చూస్తున్నాడు. బలంలో నూకాలు ఏం తీసిపోలేదు. కానీ రోకలి ఎత్తిన ప్రతిసారీ పైన రెప్పపాటు ఆగుతోంది.

"ఎందుకమ్మా అలా ఆగుతున్నావు?"

"నానెక్కడ ఆగినాను బాబూ?" అని నోరు తెరిచింది నూకాలు. నిజంగానే ఆవిడకి తెలీదు.

ఈలోగా కామేశ్వరమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. "వీళ్ళిద్దరిలో నువ్వైతే ఎవరిని పెట్టుకుంటావురా పనికి?"

"ఇంకెవరిని? పైడమ్మనే."

"సరే. పైడమ్మా, నువ్వూ వెళ్ళి నూకాలు రోట్లోనే ఓ పోటు వెయ్యి."

వేసింది. రెండు రోకళ్ళూ రోట్లోనే ఠపీమని కొట్టుకున్నాయి. కారం గుప్పున లేచింది. ఫణితో సహా అందరికీ ఒకటే తుమ్ములు. "ఓలప్పా, నా రోకలి దిగనియ్యవేటి!" అని కేకేసింది నూకాలు. పైడమ్మ నవ్వుతూ, తుమ్ముతూ పక్కకి తప్పుకుంది.

అప్పుడొచ్చింది నూకాలు వదిన. వస్తూనే కొంగు బిగించి రోకలి అందుకుంది. ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతోంది. నూకాలు రోకలి పైన ఆగే ఆ రెప్పపాటులోనే వదిన రోకలి రోట్లో పడుతోంది. మిగిలిన కాయలు ఎప్పుడు కారమైపోయాయో ఫణికి తెలియనే లేదు. కళ్ళు మండుతున్నా వాడికి ప్రాణం లేచొచ్చింది. కానీ మనసులో పీకుడు మాత్రం పోలేదు.

"అయినా అమ్మా, ఒంటరిగా ఉన్నప్పుడు ఓడిన మాట ఓడినట్టే కదా! ఇంతకీ చెరిపెయ్యనా, వద్దా?"

కామేశ్వరమ్మగారు వాడి చేతిలోంచి జల్లెడ తీసుకున్నారు.

"చెరుపుకుంటే చెరుపుకో. పోతూ పోతూ, ఆ ఆగడం మానెయ్యమని నూకాలుకి కూడా చెప్పి వెళ్ళు."